ఆపరేషన్ నగరంలో, కోలుకోవడం ఊళ్లో: మోకాలికి వీడియో ఫిజియో ఎంతవరకు పనికొస్తుంది?

మోకీలు మార్పిడి ఆపరేషన్‌కు పట్టేది గంట, గంటన్నర. ఆసుపత్రిలో ఉండేది మూడు నుంచి ఐదు రోజులు. పెట్టిన మోకాలు పనికొచ్చే మోకాలు కావడానికి మాత్రం కనీసం మూడు నెలలు పడుతుంది, పూర్తిగా తేరుకోవడానికి ఏడాది దాకా పట్టవచ్చు. సర్జన్ చేతుల్లో నడిచేది ఇందులో చాలా చిన్న భాగం. మిగిలిందంతా ఇంట్లో మంచం మీద, వరండాలో వాకర్ పట్టుకుని జరగాల్సిన పని. చిక్కు కూడా అక్కడే మొదలవుతుంది. ఆపరేషన్ హైదరాబాద్‌లోనో విజయవాడలోనో విశాఖలోనో చేయించుకుంటారు. డిశ్చార్జి రోజున కారు వెనక సీట్లో కాలు చాపుకుని, దిండ్లు ఆనించుకుని, నాలుగైదు గంటలు ప్రయాణించి ఊరికి చేరతారు. అక్కడ రోజుకు రెండు మూడు పూటలు కసరత్తు చేయించే మనిషి దొరకడం కష్టం. దొరికినా, ఆ మనిషికి మోకీలు మార్పిడి కేసులు చూసిన అనుభవం ఉంటుందన్న నమ్మకం లేదు.

ఈ ఖాళీని ఫోన్ తెరతో పూడ్చవచ్చా అన్న చర్చ కరోనా తర్వాత మన దగ్గర ఊపందుకుంది. కెనడా, ఆస్ట్రేలియా లాంటి చోట్ల అంతకు పదేళ్ల ముందు నుంచే దీన్ని పరీక్షించి చూస్తున్నారు. మన ఇళ్లలో సాధారణంగా వినిపించే అభ్యంతరం ఒక్కటే: ‘చెయ్యి వేసి వంచకుండా ఫిజియో ఏమిటి?’ అభ్యంతరంలో కొంత నిజం ఉంది. అయితే పరిశోధనలు చెబుతున్నది చూస్తే, చెయ్యి వేయడం కంటే పెద్ద విషయం ఇంకోటి ఉన్నట్టు తెలుస్తుంది. మొదటి ఆరు వారాల్లో రోగి వెనకబడుతున్న సంగతి ఎవరు కనిపెడతారు, కనిపెట్టాక ఏం చేస్తారు అన్నదే ఆ విషయం. వీడియో అయినా, యాప్ అయినా, మామూలు ఫోన్ కాల్ అయినా ఆ పని చేస్తే పనికొస్తాయి, లేకపోతే లేదు.

ముందు మోకాలి సంగతి. ‘గుజ్జు అరిగిపోయింది’ అని మనవాళ్లు అనేది ఎముకల చివర్లను కప్పి ఉండే మృదులాస్థి గురించి. ఆపరేషన్‌లో తొడ ఎముక కింది కొసనూ, కాలి ఎముక పైకొసనూ కొన్ని మిల్లీమీటర్ల మేర చెక్కి, పైన కోబాల్ట్ క్రోమియం తొడుగు, కింద ఎక్కువగా టైటానియంతో చేసిన పళ్లెం, రెంటి మధ్య పాలిథిలిన్ దిమ్మ అమరుస్తారు. లోహం మొదటి రోజు నుంచే బరువు మోస్తుంది. అందుకే ఆపరేషన్ అయిన రోజు సాయంత్రమో మర్నాడు పొద్దునో వాకర్ ఇచ్చి నిలబెడతారు. ‘ఇంత తొందరగా నడిపిస్తారేంటి, కుట్లు విడిపోతాయేమో’ అని ఇంట్లోవాళ్లు టెన్షన్ పడతారు గానీ, లోహం విషయంలో భయం అక్కర్లేదు. ఇబ్బంది పెట్టేది చుట్టూ ఉన్న కండరమూ, గాయం మానేటప్పుడు లోపల ఏర్పడి గట్టిపడే మచ్చ కణజాలమూ.

తొడ ముందు భాగంలోని పెద్ద కండరం, అంటే క్వాడ్రిసెప్స్, ఆపరేషన్ తర్వాత నెలలోపే తన బలంలో దాదాపు 60 శాతం కోల్పోతుందని అమెరికాలో కొలిచి చూశారు. కండ సన్నబడటం ఒక్కటే దీనికి కారణం కాదు. వాచిన కీలు నుంచి వెళ్లే సంకేతాలు నాడీ వ్యవస్థను వెనక్కి లాగుతాయి. కండరానికి అందాల్సిన ఆజ్ఞ పూర్తిగా అందదు. ‘కాలు లేపుదామని ఎంత అనుకున్నా లేవట్లేదు, అది నా కాలే కానట్టుంది’ అని రోగులు చెప్పేది బద్ధకం కాదన్నమాట. ఈ నిద్రపోయిన కండరాన్ని లేపడమే మొదటి రెండు వారాల కసరత్తు లక్ష్యం. తొడ బిగించి అయిదు సెకన్లు పట్టి ఉంచడం, పాదాన్ని పైకీ కిందికీ ఆడించడం, మడమను మంచం మీద జరుపుతూ మోకాలు ముడవడం, కాలును తిన్నగా జానెడు ఎత్తు లేపడం. చూడటానికి చిన్నపిల్లల ఆటల్లా ఉంటాయి. మానేస్తే మాత్రం ఆ లోటు నెలల తరబడి వెంటాడుతుంది.

రెండో లెక్క డిగ్రీలది. చదునైన నేల మీద నడవడానికి మోకాలు 60 నుంచి 70 డిగ్రీల వరకు వంగితే చాలు. మెట్లెక్కడానికి, కుర్చీలోంచి లేవడానికి 90, ఆ పైన కావాలి. గొంతుకూర్చోవడానికి 130 డిగ్రీల పైమాటే. సాధారణంగా రెండు వారాలకు 90 డిగ్రీలు, ఆరు నుంచి పన్నెండు వారాల్లో 110 నుంచి 120 వరకు తేవాలని చూస్తారు. మన ఇళ్లలో అందరి కళ్లూ ఈ వంగే అంకె మీదే ఉంటాయి. పక్కింటావిడకు 120 వచ్చిందట, మన అమ్మకు 95 దగ్గరే ఆగింది అని పోలికలు నడుస్తాయి. ఆపరేషన్‌కు ముందు మోకాలు ఎంత వంగేదో దాన్ని బట్టే తర్వాత వచ్చేది చాలావరకు ఆధారపడి ఉంటుంది కాబట్టి, ఈ పోలికకు అర్థం లేదు.

వంగడం గురించి ఇంత పట్టించుకునేవాళ్లు తిన్నగా చాపడం గురించి మర్చిపోతారు. నిజానికి ఎక్కువ నష్టం అక్కడే. కాలు పూర్తిగా తిన్నగా రాకపోతే నిలబడినప్పుడు తొడ కండరం ఒక్క క్షణం కూడా విశ్రాంతి తీసుకోలేదు. నడకలో కుంటు ఉండిపోతుంది, త్వరగా అలసట వస్తుంది. దీనికి కారణమయ్యే వస్తువు ప్రతి ఇంట్లోనూ ఉంది: దిండు. నొప్పి తగ్గుతుందని మోకాలి కింద మెత్తటి దిండు పెట్టి పడుకోబెడతారు. హాయిగానే ఉంటుంది. గంటల తరబడి అలా వంగి ఉన్న మోకాలు ఆ వంపులోనే గట్టిపడుతుంది. పెట్టాల్సింది మడమ కింద, చుట్టిన టవల్. మోకాలు గాల్లో ఉండి తన బరువుకు తనే తిన్నగా అవుతుంది. ప్రేమతో చేసే ఈ పొరపాటును ఆసుపత్రిలో ఎవరూ చూడరు, ఎందుకంటే అది జరిగేది ఇంట్లో. వీడియో కాల్‌లో కనిపిస్తుంది. దూరం నుంచి చేసే ఫిజియోకు ఉన్న అసలు బలం ఇదే అనిపిస్తుంది. రోగి ఉండే మంచం, బాత్‌రూమ్ గడప, జారే నేల, ఎత్తు తక్కువ సోఫా క్లినిక్‌లో కూర్చున్న ఫిజియోకు ఎప్పటికీ కనిపించవు.

ఒక మామూలు వీడియో సెషన్ ఎలా సాగుతుందో చూస్తే విషయం తేటపడుతుంది. మొదటి పది నిమిషాలు ఫోన్ సర్దుకోవడానికే పోతాయి. ముఖం కనిపించేలా ఎదురుగా పెట్టడం అలవాటు. ఇక్కడ ఫోన్ పక్కన ఉండాలి, మంచం ఎత్తులో ఉండాలి, తుంటి నుంచి పాదం దాకా ఒకేసారి కనపడాలి. స్టూలు మీద నీళ్ల చెంబుకు ఆనించి నిలబెడితే సరిపోతుంది. వెనక కిటికీ ఉంటే కాలు నల్లగా నీడలా కనిపిస్తుంది కాబట్టి కర్టెన్ వేయాలి. తర్వాత చీర. కుచ్చిళ్ల కింద మోకాలు ఎక్కడుందో ఏ ఫిజియోకైనా ఊహే. నైటీని మోకాలి పైదాకా మడవమంటే పెద్దావిడ మొహమాట పడుతుంది, ముఖ్యంగా తెర మీద ఉన్నది కుర్రవాడైతే. ముందు రోజే ‘అమ్మా, రేపు వదులుగా ఉండే ప్యాంటు గానీ మోకాలి వరకు ఉండే నిక్కరు గానీ వేసుకుని కూర్చోండి, పక్కన ఇంట్లోవాళ్లు ఎవరైనా ఉండనివ్వండి’ అని మెసేజ్ పెట్టే ఫిజియోకు ఈ పని వంటబట్టినట్టే.

ఆపైన అసలు కసరత్తు. ‘మడమ మంచానికి ఆనించే ఉంచి వెనక్కి లాగండమ్మా... ఇంకొంచెం... అక్కడే పట్టి ఉంచండి, అయిదు లెక్కపెడతాను.’ నొప్పి మొదలవగానే రోగి తెలియకుండానే తుంటిని పైకి లేపుతుంది. చూసేవాళ్లకు మోకాలు బాగా వంగినట్టు కనిపిస్తుంది, వంగింది నడుం దగ్గర. చేయి తిరిగిన ఫిజియో దాన్ని పక్క నుంచి చూసి పట్టేస్తారు. ముఖం చిట్లించిన తీరు బట్టి నొప్పి ఎంతో అంచనా వేస్తారు. మందు ఎప్పుడు వేసుకున్నారని అడుగుతారు. కసరత్తుకు అరగంట, ముప్పావుగంట ముందు నొప్పి మాత్ర వేసుకుంటే చేసే తీరే మారిపోతుంది. అది సరిదిద్దడానికి చెయ్యి వేయనక్కర్లేదు.

యాప్‌లు ఇదే పనిని మనిషి లేకుండా చేయాలని చూస్తాయి. వాటిలో ఒక రకం ఫోన్ కెమెరాతో తుంటి, మోకాలు, చీలమండ బిందువులను గుర్తించి వాటి మధ్య కోణం లెక్కగడుతుంది. రెండో రకంలో తొడకూ పిక్కకూ పట్టీతో చిన్న సెన్సర్లు కట్టుకోవాలి. వాటిలోని గైరోస్కోపు కాలి కదలికను కొలిచి ఫోన్‌కు పంపుతుంది. వదులు బట్టలు, పక్కకు తిరిగిన కెమెరా మొదటి రకాన్ని తికమక పెడతాయి. పట్టీ జారితే రెండోది తప్పు చెబుతుంది. కొన్ని డిగ్రీల తేడా రెండింట్లోనూ మామూలే. రోజురోజుకూ పెరుగుతోందా లేదా అని చూడటానికి అది చాలు. ‘ఈ రోజు 40 సార్లు చేశారు, 88 డిగ్రీలు వచ్చింది’ అని యాప్ చెప్పగలదు. నిన్న 96 వచ్చిన మోకాలు ఇవాళ 88కి ఎందుకు తగ్గిందో చెప్పలేదు. రాత్రంతా వాపు వచ్చిందా, పెళ్లికి వెళ్లి గంటలకొద్దీ కూర్చుందా, భయపడి మానేసిందా అన్నది అడిగి తెలుసుకోవాల్సిందే.

ఇక పరీక్షల్లో తేలిందేమిటి? ఆస్ట్రేలియాలోని బ్రిస్బేన్‌లో 65 మంది రోగులతో చేసిన పరిశోధన 2011లో వచ్చింది. ఇంటర్నెట్ ద్వారా ఫిజియో పొందినవాళ్లు ఆరు వారాల చివర, క్లినిక్‌కు వెళ్లినవాళ్లకు ఏమాత్రం తీసిపోలేదు. 2015లో కెనడాలోని క్విబెక్ బృందం 205 మందితో ఇంకా గట్టి పరీక్ష చేసింది. ఒక వర్గం ఇంటికి ఫిజియో స్వయంగా వెళ్లారు, రెండో వర్గానికి అదే కసరత్తు వీడియోలో చేయించారు. వారానికి రెండు చొప్పున ఎనిమిది వారాలు. నొప్పి, బిగుతు, పనితీరు అడిగే ప్రశ్నావళిలో రెండు వర్గాలూ సమానంగా నిలిచాయి. ఖర్చు లెక్కలో ఒక ఆసక్తికరమైన సంగతి బయటపడింది. మొత్తమ్మీద వీడియో పద్ధతికి 18 శాతం తక్కువ ఖర్చయింది గానీ, ఫిజియో రానూపోనూ దూరం 30 కిలోమీటర్ల లోపు ఉన్న ఇళ్లకు చెప్పుకోదగ్గ ఆదా ఏమీ లేదు. దూరమే దీనికి ఆర్థికబలం. హైదరాబాద్‌లో వీధి చివర క్లినిక్ ఉన్నవాళ్లకు ఇది సౌకర్యం మాత్రమే, ఆదిలాబాద్ జిల్లా పల్లెలోని రోగికి అవసరం.

అమెరికాలో డ్యూక్ విశ్వవిద్యాలయ పరిశోధన సంస్థ నడిపిన పరీక్ష ఫలితాలు 2020లో వచ్చాయి. 306 మంది రోగులు. తెర మీద ఒక బొమ్మ మనిషి కసరత్తు చేసి చూపిస్తుంది, లోతును కొలిచే కెమెరా రోగి కదలికను పట్టి సరిచేస్తుంది, వెనక నుంచి ఒక ఫిజియో గమనిస్తూ వీడియోలో మాట్లాడతారు. పన్నెండు వారాల ఖర్చు మధ్యస్థ విలువ మామూలు పద్ధతిలో 2805 డాలర్లైతే, ఇందులో 1050. మళ్లీ ఆసుపత్రిలో చేరాల్సి వచ్చిన సందర్భాలు 30కి బదులు 12. మోకాలి పనితీరులో వెనకబాటు లేదు. ప్రచారాల్లో కనిపించేది ఇక్కడి వరకే. అదే పరీక్షలో కింద పడిన సంఘటనలు వీడియో వర్గంలో 19.4 శాతం మంది, మామూలు వర్గంలో 14.6 శాతం మంది చెప్పారు. తేడా యాదృచ్ఛికం కావచ్చు, ఆ సంఖ్యలతో తేల్చలేం. ఒంటరిగా ఉండే డెబ్బై ఏళ్ల మనిషికి తెర ముందు నిలబడి చేసే కసరత్తు ఇచ్చేముందు ఆ అంకెను మాత్రం గుర్తుంచుకోవాలి.

అన్నిటికంటే ఆలోచింపజేసేది ఫిలడెల్ఫియాలో జరిగి 2019లో ప్రచురితమైన పరీక్ష. అందులో ఒక వర్గాన్ని ఫిజియో క్లినిక్‌కు పంపారు. రెండో వర్గానికి వెబ్‌సైట్‌లో కసరత్తు పాఠాలు ఇచ్చారు. మూడో వర్గం చేతిలో అచ్చు వేసిన పుస్తకం పెట్టి ఇంటికి పంపారు. మోకాలు వంగడంలో మూడు వర్గాల మధ్య చెప్పుకోదగ్గ తేడా రాలేదు. అంటే ఖరీదైన యాప్‌కూ కాగితానికీ తేడా లేదనా? తొందరపడి అలా చదవకూడదు. సొంతంగా చేసుకుంటున్నవాళ్లలో కొందరిని మధ్యలో క్లినిక్ ఫిజియోకు పంపాల్సి వచ్చింది. ఎక్కువమందికి కాగితం చాలు. ఎవరికి చాలదో పసిగట్టే కన్ను ఉండాలి. సిడ్నీలో 165 మందితో చేసి 2017లో వెలువరించిన పరీక్షదీ ఇంచుమించు ఇదే మాట. ఆపరేషన్ తర్వాత పది రోజులు అదనంగా ఆసుపత్రిలో ఉంచి ఫిజియో చేయించినవాళ్లూ, నేరుగా ఇంటికెళ్లి కసరత్తు చేసుకున్నవాళ్లూ ఆరు నెలల తర్వాత ఆరు నిమిషాల్లో నడిచిన దూరం ఒకటే, 400 మీటర్ల చిల్లర.

ఈ ఫలితాలను మన దగ్గరికి తెచ్చుకునేటప్పుడు రెండు సంగతులు చూసుకోవాలి. మొదటిది మనకు అనుకూలం. ఆ దేశాల్లో వీడియోను పోల్చింది క్రమం తప్పకుండా జరిగే మంచి ఫిజియోతో. మన ఊళ్లలో పోటీ దానితో లేదు. డిశ్చార్జి కాగితం వెనక జిరాక్స్ తీసిన నాలుగు బొమ్మలతోనో, మోకాలికి నూనె రాసి బలంగా వంచేసే మసాజ్ మనిషితోనో, అసలు ఏమీ చేయకపోవడంతోనో పోటీ. వాటితో పోలిస్తే వారానికి రెండుసార్లు వీడియోలో కనిపించే ఫిజియో ఎంతో మెరుగు. రెండోది ప్రతికూలం. ఆ పరీక్షల్లో చేరినవాళ్లు ఎక్కువగా మామూలు కేసులు, ఇంట్లో ఇంటర్నెట్ ఉన్నవాళ్లు, ఏ కష్టం వచ్చినా ఫోన్ చేస్తే ఆసుపత్రి నుంచి జవాబు వచ్చే ఏర్పాటు ఉన్నవాళ్లు. పదేళ్లు నొప్పి భరించి, కాళ్లు దొడ్డిగా వంగిపోయాక, షుగరూ బీపీ ఉండి, రెండు మోకాళ్లూ ఒకేసారి మార్పించుకున్న మనిషి ఆ లెక్కల్లో సరిగా కనిపించదు.

ఇంకో తేడా జీవన విధానంలో ఉంది. క్విబెక్ పరీక్షలో వాడిన వోమాక్ ప్రశ్నావళిలో 24 ప్రశ్నలున్నాయి. మెట్లు, కారు ఎక్కడం, సాక్సులు తొడుక్కోవడం అన్నీ అడుగుతుంది. నేల మీద బాసింపట్టు వేసుకుని భోంచేయగలరా, పూజలో కూర్చుని లేవగలరా అని అడగదు. మన రోగులు డాక్టర్‌ను మొదట అడిగేది అదే. చాలామంది సర్జన్లు నేల మీద కూర్చోవద్దనీ, వెస్ట్రన్ కమోడ్ వాడమనీ గట్టిగా చెబుతారు, ప్లాస్టిక్ దిమ్మ అరగకుండా ఉండటానికి. చెప్పినంత తేలిక కాదు. ఊళ్లో కమోడ్ ఉండకపోవచ్చు, ఉన్నా అది మేడ మీద ఉండవచ్చు. విదేశీ యాప్‌ను తెలుగులోకి మార్చి ఇస్తే సరిపోదు. కమోడ్ కుర్చీ కొన్నారా, మంచం ఎత్తు ఎంత, కింద పడితే ఎలా లేవాలో నేర్పారా అని అడిగే అంచె దానికి కలపాలి. మెట్ల విషయం మాత్రం ఎక్కడైనా ఒకటే: ఎక్కేటప్పుడు మంచికాలు ముందు, దిగేటప్పుడు ఆపరేషన్ అయిన కాలు ముందు.

తెలుగు కుటుంబాల్లో ఇప్పటికే ఒక అనధికార దూరవైద్యం నడుస్తోంది. డల్లాస్‌లో రాత్రి తొమ్మిదైతే వేసవి లెక్కన ఇక్కడ ఉదయం ఏడున్నర. కూతురు వాట్సాప్‌లో ‘నాన్నా, ఏదీ కాలు లేపు, చూస్తాను’ అంటుంది. ఇద్దరికీ ధైర్యం వస్తుంది, మంచిదే. అయితే దూరంగా ఉన్న పిల్లలకు తండ్రి నొప్పి చూడలేక ‘ఇవాళ్టికి వదిలేయ్ నాన్నా’ అనడమో, ఇంటర్నెట్‌లో చదివి ‘ఈపాటికి 110 రావాలట’ అని కంగారు పెట్టడమో తప్పదు. కుటుంబాన్ని లెక్కలోకి తీసుకునే ఫిజియో అదే కాల్‌లో కూతుర్నీ కలిపి, ఏ అంకెకు సంతోషించాలో, దేనికి భయపడాలో ముందే చెబుతారు. అమెరికాలో పెద్ద వయసువాళ్లకు ప్రభుత్వం నడిపే ఆరోగ్య బీమా మెడికేర్, 2022 జనవరి నుంచి దూరం నుంచి చేసే చికిత్సా పర్యవేక్షణకు ప్రత్యేక బిల్లింగ్ కోడ్‌లు తెచ్చింది. అంటే రోగి కసరత్తు వివరాలు చూసి మాట్లాడినందుకు ఫిజియోకు డబ్బు వస్తుంది. ఇక్కడ అదే పనిని చాలామంది ఫిజియోలు రాత్రి పదింటికి వాట్సాప్‌లో ఉచితంగా చేస్తున్నారు. డబ్బు రాని పని ఎంతకాలం శ్రద్ధగా సాగుతుందన్నది ఎవరైనా ఊహించగలరు.

డబ్బు సంగతి వచ్చింది కాబట్టి ఒక వింత. 2017 ఆగస్టులో కేంద్రం మోకీలు ఇంప్లాంట్ల ధరకు పరిమితి పెట్టింది. అంతవరకు సగటున లక్షన్నర దాటి అమ్మిన కోబాల్ట్ క్రోమియం ఇంప్లాంట్ గరిష్ఠ ధర, జీఎస్టీ కాకుండా, 54,720 రూపాయలైంది. లోహం ధర మీద ఇంత శ్రద్ధ పెట్టాం. ఆ లోహాన్ని పనికొచ్చేలా చేసే మూడు నెలల ఫిజియో చాలా ప్యాకేజీల్లో ఉండదు, ఉన్నా డిశ్చార్జితో ఆగిపోతుంది. ఆరోగ్య బీమాలో ఆసుపత్రి తర్వాతి ఖర్చుల కింద 60 రోజులో 90 రోజులో కొంత వస్తుంది గానీ, డాక్టర్ రాసిచ్చిన చీటీ, బిల్లులు ఉండాలి. డాక్టర్ సంప్రదింపుకు కవరేజీ ఉన్న చోట టెలిమెడిసిన్‌కూ వర్తింపజేయాలని బీమా నియంత్రణ సంస్థ 2020 జూన్‌లో కంపెనీలకు చెప్పింది. వీడియో ఫిజియో దాని కిందికి వస్తుందో రాదో పాలసీ కాగితంలో వెతుక్కోవాల్సిందే, ఆపరేషన్‌కు ముందే కంపెనీ నుంచి రాతపూర్వకంగా తీసుకోవడం మేలు.

నియమాల్లోనూ ఒక సందు మిగిలింది. 2020 మార్చి 25న వచ్చిన టెలిమెడిసిన్ మార్గదర్శకాలు రిజిస్టర్డ్ డాక్టర్లను దృష్టిలో పెట్టుకుని రాసినవి. ఫిజియోథెరపిస్టులకు జాతీయ స్థాయిలో చట్టబద్ధమైన గుర్తింపు, నియంత్రణ 2021లో వచ్చిన అనుబంధ ఆరోగ్య వృత్తుల కమిషన్ చట్టంతో మొదలయ్యాయి. వీడియోలో మాట్లాడే వ్యక్తి నిజంగా ఫిజియోథెరపీ చదివారా, ‘ట్రైనర్’ అన్న బోర్డు పెట్టుకున్న ఎవరో ఒకరా అన్నది రోగి కుటుంబమే అడిగి తెలుసుకోవాలి. అడగడం తప్పేమీ కాదు.

అద్దె యంత్రాల గురించి కూడా ఒక మాట. కాలును పెట్టి దానంతట అదే వంచి చాపే సీపీఎం యంత్రాన్ని డిశ్చార్జి రోజున అద్దెకు అంటగట్టే అలవాటు కొన్నిచోట్ల ఇంకా ఉంది. పరీక్షలన్నిటినీ కలిపి చూసిన 2014 నాటి కాక్రేన్ సమీక్షలో దానివల్ల అదనంగా వచ్చేది సుమారు 2 డిగ్రీలు. అమెరికా ఫిజియోథెరపీ సంఘం 2020 మార్గదర్శకం మామూలు కేసుల్లో దాన్ని వాడవద్దనే చెప్పింది. దానికి బదులు గట్టి బలం పెంచే వ్యాయామాలు, కండరాన్ని విద్యుత్ ప్రేరణతో లేపడం సూచించింది. ఆ అద్దె డబ్బును వీడియో ఫిజియోకు పెడితే దక్కేది ఎక్కువ.

మరి ఫోన్ ఎక్కడ ఆగిపోతుంది? మోకాలిని వంచినప్పుడు చివర్లో ఆగే తీరు చేతికే తెలుస్తుంది. కండరం బిగుసుకుని ఆగితే ఒకలా, లోపల మచ్చ కణజాలం అడ్డుపడితే ఇంకోలా ఉంటుంది. చర్మం వేడి తెర మీద కనిపించదు. పిక్కలో కొత్తగా నొప్పి, ఒక కాలే బాగా వాచడం, ముట్టుకుంటే వేడిగా ఉండటం రక్తం గడ్డకట్టిన లక్షణాలు కావచ్చు. దానికి తోడు ఉన్నట్టుండి ఆయాసం, ఛాతీలో నొప్పి వస్తే ఫిజియోకు కాల్ కలిపే సమయం కూడా కాదు, దగ్గర్లోని అత్యవసర విభాగానికి పోవాలి. కుట్ల దగ్గర చీము, ఎర్రదనం పెరగడం, చలి జ్వరం ఇన్ఫెక్షన్ గుర్తులు. వీటికి ఫోటో పంపి యాంటీబయాటిక్ పేరు అడిగే అలవాటు ప్రమాదకరం. ఇలా వేసుకున్న మాత్ర లోపలి ఇన్ఫెక్షన్‌ను దాచిపెట్టి, సర్జన్ దాన్ని గుర్తించేసరికి ఆలస్యమయ్యేలా చేస్తుంది.

బిగుసుకుపోయిన మోకాలి విషయంలో గడువు మరీ కచ్చితం. ఆరు వారాలకు కూడా 90 డిగ్రీలు దాటకపోతే, మత్తు ఇచ్చి సర్జన్ చేతులతో మోకాలిని వంచే పద్ధతి ఒకటుంది. సాధారణంగా అది మొదటి మూడు నెలల్లో చేస్తేనే మంచి ఫలితం. ఆ తర్వాత మచ్చ కణజాలం ముదిరిపోయి, మళ్లీ కోత పెట్టాల్సిన పరిస్థితి రావచ్చు. ఊళ్లో ఉన్న రోగి ‘నొప్పి తగ్గాక మెల్లగా వంచుకుందాంలే’ అని నాలుగో నెలలో నగరానికి వస్తే సర్జన్ దగ్గర మిగిలేవి కష్టమైన దారులే. ఎవరో ఒకరు నాలుగో వారంలోనే ‘మీది ఇంకా 75 దగ్గర ఉంది, ఈ వారం వచ్చి చూపించుకోండి’ అని చెప్పి ఉంటే సరిపోయేది. దానికి ఖరీదైన టెక్నాలజీ అక్కర్లేదు, పక్క నుంచి తీసిన ఒక ఫోటో చాలు.

టెక్నాలజీ ఆగదు. కాలి ఎముకలో దిగే భాగంలో సెన్సర్ అమర్చిన మోకీలు ఇంప్లాంట్‌కు 2021లో అమెరికా ఔషధ, వైద్య పరికరాల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ అనుమతి ఇచ్చింది. ఎన్ని అడుగులు వేశారు, ఎంత వేగంతో, మోకాలు ఎంత కదిలింది అన్నది అదే పంపుతుంది. ఆ సమాచారం ఎవరిది, బీమా కంపెనీ అడిగితే ఇవ్వాలా అన్న ప్రశ్నలు దానితోపాటే వచ్చాయి. మన దేశంలో 2023 నాటి వ్యక్తిగత డేటా రక్షణ చట్టం ఉంది గానీ, ఫిజియోకు వాట్సాప్‌లో పంపిన కాలి వీడియోలు ఎవరి ఫోన్‌లో ఎన్నేళ్లు ఉంటాయో అడిగే అలవాటే మనకు ఇంకా రాలేదు.

ప్యాకేజీ రేటు మాట్లాడుకునే రోజున కుటుంబాలు ఇంప్లాంట్ ఏ కంపెనీది, గది ఏసీనా నాన్ ఏసీనా అని అడుగుతాయి. దానితోపాటు అడగాల్సినవి ఇంకొన్ని ఉన్నాయి. డిశ్చార్జి తర్వాత ఫిజియో ఎవరు చూస్తారు, వాళ్ల పేరేమిటి, వారానికి ఎన్ని కాల్స్, అవి ప్యాకేజీలోనివేనా? రెండో వారంలో, ఆరో వారంలో కోణం ఎవరు కొలుస్తారు? అంకె తక్కువ వస్తే ఆ సంగతి సర్జన్‌కు ఎవరు చెబుతారు? రాత్రిపూట కాలు వాస్తే ఏ నంబరుకు ఫోన్ చేయాలి, అవతల ఎత్తేది మనిషా రికార్డింగా? ఆపరేషన్‌కు వారం ముందే ఒక వీడియో కాల్ పెట్టి, ఇంట్లో ఫోన్ ఎక్కడ నిలబెట్టాలో, ఏ బట్టలు వేసుకోవాలో, తొడ ఎలా బిగించాలో నొప్పి లేనప్పుడే నేర్పించమని కూడా అడగవచ్చు. ఆ ఒక్క కాల్ జరిగిన ఇళ్లలో డిశ్చార్జి మర్నాటి సెషన్‌లో ఫోన్ సర్దుకోవడానికి పది నిమిషాలు పోవు.